తలరాత మార్చే తొమ్మిది నెలలు

గర్భిణికి రక్తం తగ్గినా, బీపీ పెరిగినా, పుట్టేటప్పుడు బిడ్డకు ఊపిరి అందకపోయినా ఆ దెబ్బ కాన్పుతో తీరిపోదు. బిడ్డ మెదడులో జన్యువులు పనిచేసే తీరునే అది మార్చగలదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆడవాళ్ల రెక్కల కష్టం మీద పత్తి, మిరప పండించిన తుళ్లూరు ప్రాంతం ఈ మాటను చెవిన పెట్టాల్సిన సమయమిది.

సంక్రాంతి వెళ్లిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద ఎరుపు పరుచుకుంటుంది. మిరప కోతలు మొదలవుతాయి. చీకటి విడవకముందే ఊళ్లలో ఆటోలు బయల్దేరతాయి. సద్ది క్యారేజీ, నీళ్ల సీసా, తలకు చుట్టుకునే తువాలు, చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా. ఆ ఆటోల్లో కిక్కిరిసి కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

తుళ్లూరు చుట్టుపక్కల ఈ ప్రయాణం ఇంకాస్త పొడుగైంది. 2015లో రాజధాని అమరావతి కోసం భూసమీకరణ జరిగాక ఇక్కడి 29 గ్రామాల్లో పత్తి, మిరప చేలు చాలావరకు పోయాయి. భూమి ఇచ్చిన రైతుకు కౌలు, ప్లాటు వచ్చాయి. భూమి లేని కుటుంబానికి నెలవారీ పింఛను వచ్చింది. ఊళ్లో కూలిపని మాత్రం కరువైంది. పని కావాలంటే పక్క మండలాల చేలకు ఆటో ఎక్కాల్సిందే. ఇక కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి వచ్చే కుటుంబాలైతే పిల్లాజెల్లాతో సహా నెలల తరబడి ఈ చేల గట్ల మీదే గుడారాలు వేసుకుంటాయి.

ఈ గుంపుల్లో కడుపుతో ఉన్నవాళ్లూ ఉంటారు. అయిదో నెల, ఆరో నెల దాకా కూలికి పోవడం ఈ నేలలో ఎవరూ వింతగా చూసే సంగతి కాదు. రోజంతా నడుం వంచి కాయ కోయడం, మాఘం దాటాక మాడ్చే ఎండ, చాటు లేక మంచినీళ్లు సైతం తాగకుండా ఉగ్గబట్టుకోవడం. ఇదంతా ఆమె ఒంటి కష్టమేనని ఇంతకాలం అనుకున్నాం. తల్లి ఒంట్లో లోటు ఒక హద్దు దాటితే అది లోపలి బిడ్డ మెదడు దాకా వెళుతుందని ఇప్పుడు తెలుస్తోంది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారా లేదా అన్న ఒక్క లెక్కతో గర్భిణి సంరక్షణను ముగించడం ఇక చాలదు.

జన్యువు అదే, పనే మారుతుంది

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ సుమారు 20 వేల జన్యువులుంటాయి. కాలేయంలో ఉన్నవే మెదడులోనూ ఉంటాయి. ఏ కణంలో ఏ జన్యువు, ఎప్పుడు, ఎంత మోతాదులో పనిచేయాలన్నదే తేడా. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. సాగర్ కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలువ నీళ్లన్నీ ఒకటే, ఏ చేనికి ఎంత పారాలన్నది తూము తలుపు చేతిలో ఉంటుంది. మిథైల్ అనే చిన్న రసాయన గుంపు డీఎన్‌ఏ మీద వచ్చి అతుక్కుంటే చాలాసార్లు ఆ జన్యువు పని తగ్గుతుంది, తొలగిపోతే పెరుగుతుంది. జన్యువులోని అక్షరం ఒక్కటీ మారదు.

మెదడుకు ఈ సర్దుబాట్లు మిగతా అవయవాలకన్నా ఎక్కువ అవసరం. పెద్దవాళ్ల మెదడులో ఉండే సుమారు 8,600 కోట్ల నాడీకణాల తయారీ పుట్టకముందే మొదలవుతుంది. అవి తమ చోటికి నడిచి వెళ్లాలి, ఒకదానితో ఒకటి ముడిపడాలి, పైన కొవ్వు పొర కట్టుకోవాలి. ప్రతి దశకూ కొన్ని జన్యువులు మేల్కోవాలి, కొన్ని పడుకోవాలి. ఆ వేళకు ప్రాణవాయువు, ఇనుము, విటమిన్లు, చక్కెర సరైన పాళ్లలో అందకపోతే మెదడు ఉన్నదానితోనే సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు గుర్తులు కొన్నిసార్లు జీవితాంతం ఉండిపోతాయి.

బతికున్న పిల్లల మెదడు ముక్క తీసి పరీక్షించడం ఎవరివల్లా కాదు. అందుకే శాస్త్రవేత్తలు మాయను, బొడ్డుతాడు రక్తాన్ని, ల్యాబ్‌లో ఎలుకల మెదళ్లను, చనిపోయినవారి కుటుంబాలు దానంగా ఇచ్చిన మెదళ్లను పరిశీలించి, ఆ ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. వేర్వేరు దారుల్లో వెళ్లినా అవి చెబుతున్న మాట చాలావరకు కలుస్తోంది.

నెత్తురు తక్కువైతే

మన దగ్గర మొదట మాట్లాడాల్సింది రక్తహీనత గురించే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా, అంటే 53.7 శాతం మంది రక్తహీనులే. 15–49 ఏళ్ల ఆడవాళ్లందరినీ లెక్కేస్తే 58.8 శాతం. అంటే ఈ లోటు కడుపు పండాక వచ్చింది కాదు, అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. అదే సర్వేలో 20–24 ఏళ్ల వారిలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని తేలింది. తన ఎదుగుదలే పూర్తికాని ఒళ్లు ఇంకో ఒంటిని పెంచాల్సి వస్తోంది.

కడుపులో బిడ్డ తన ఇనుము నిల్వల్లో ఎక్కువ భాగాన్ని చివరి మూడు నెలల్లోనే కూడబెట్టుకుంటుంది. తల్లి దగ్గరే లేకపోతే, దొరికిన కాస్తా ముందు బిడ్డ ఎర్రరక్తకణాలకు వెళుతుంది. మెదడు వంతు ఆ తర్వాతే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మైకేల్ జార్జిఫ్ బృందం దీని మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. కడుపులో ఉండగా ఇనుము చాలని ఎలుక పిల్లల్లో, జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌లో, నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే జన్యువు పని మందగించింది. పుట్టాక ఇనుము ఇచ్చి రక్తం బాగుచేసినా, ఆ ఎలుకలు పెద్దయ్యాక సైతం ఆ మందగింపు పూర్తిగా పోలేదు. తల్లి ఎలుకలకు కోలిన్ అనే పోషకం ఇస్తే మాత్రం నష్టం కొంత పూడింది.

కోలిన్ పుష్కలంగా దొరికే మామూలు తిండి కోడిగుడ్డు. 2013లో మన రాష్ట్రంలో ఇందిరమ్మ అమృతహస్తం పథకం మొదలైనప్పుడు అంగన్‌వాడీ భోజనంలో పాలతో పాటు గుడ్డు పెట్టారు. ఎలుకల మీద తేలిందల్లా మనుషులకు యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం. కానీ అంగన్‌వాడీ పళ్లెంలోని గుడ్డును చిన్నచూపు చూడకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనే మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతోంది. బిడ్డ ఒంటిరంగుకూ ఆ మాత్రకూ ఏ సంబంధమూ లేదు. బిడ్డ మెదడుకు మాత్రం ఉంది.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

డీఎన్‌ఏ మీద అతుక్కునే మిథైల్ ఊరికే పుట్టదు. దాని తయారీకి ఫోలేట్, బీ12 కావాలి. ఈ కథలో మన తెలుగువాడి పాత్ర చాలా పెద్దది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు విపరీతమైన రక్తహీనతతో చనిపోతుంటే కారణం వెతికారు. లోపం తిండిలో ఉందని, ఈస్ట్ సారం ఇస్తే కోలుకుంటున్నారని కనిపెట్టారు. ఆ సారంలోని అసలు పదార్థాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి లోకానికి అందించింది యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన నడిపించిన పనే ఇవాళ ఏఎన్ఎమ్ చేతిలో ఫోలిక్ యాసిడ్ మాత్రగా ఉంది.

బిడ్డ మెదడు, వెన్నుపాము పుట్టే నాడీనాళం గర్భం కుదిరిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసే సరికే ఆ పని పూర్తయిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందే మొదలుపెట్టాలి. మన ఊళ్లలో అది మూడో నెలలో కార్డు రాయించుకున్నాక మొదలైతే ముందే నడుస్తున్నట్టు లెక్క. 1993లో మొదలైన పుణె తల్లుల పోషణ అధ్యయనంలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంకో సంగతి గమనించింది. గర్భంతో ఉన్నప్పుడు బీ12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలు తొమ్మిదేళ్ల వయసులో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడ్డారు. బీ12 దొరికేది పాలు, గుడ్డు, చేప, మాంసాల్లోనే. కూలి ఇంట్లో పళ్లెం ముందు అందరికన్నా చివర కూర్చునే ఇల్లాలికి మిగలనివీ అవే.

కరువు గుర్తు, కాలం గుర్తు

1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో నెదర్లాండ్స్ పడమటి ప్రాంతం ఆకలితో మాడిపోయింది. ఆ కరువు మొదట్లో కడుపున పడ్డవారిని దాదాపు 60 ఏళ్ల తర్వాత, కరువు తాకని వాళ్ల తోబుట్టువులతో పోల్చి చూశారు. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా కనిపించాయి. 2008లో ఈ ఫలితం వెలువడింది. ఆ కరువులో కడుపున పడ్డవారికి స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక రుగ్మత ముప్పు దాదాపు రెట్టింపని అంతకుముందే తేలింది.

కరువే రానక్కర్లేదు, కాలం మారితే చాలని పశ్చిమాఫ్రికాలోని గాంబియా పల్లెలు చూపించాయి. అక్కడి బతుకూ మన మెట్ట పల్లెల్లాగే వానను పట్టుకుని నడుస్తుంది. వానాకాలంలో పొలం పని ఎక్కువ, గింజలు తక్కువ. తిండి మారిపోతుంది. ఏ కాలంలో గర్భం కుదిరిందన్నదాన్ని బట్టి పిల్లల డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులు వేరుగా ఉన్నాయి. పత్తి తీతలు, మిరప కోతలు చూసుకుని తిండీ, పనీ, నిద్రా మారిపోయే మన జిల్లాల్లో ఇలాంటి అధ్యయనం జరగడం ఎంతో అవసరం.

మాయ చెప్పే సాక్ష్యం

బిడ్డకు తిండీ ఊపిరీ అందించే మాయ ఇన్నాళ్లూ కాన్పయ్యాక పారేసే వస్తువుగానే మిగిలింది. నిజానికి తల్లి ఒంటికీ బిడ్డ మెదడుకూ మధ్య నిలబడిన కాపలా అది. తల్లి రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరిగితే దాన్ని చాలావరకు విరిచేసే ఎంజైమ్ మాయలో ఉంటుంది. మాయే దెబ్బతింటే ఆ కాపలా సడలుతుంది.

గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియాలో జరిగేదిదే. గర్భసంచిలోని రక్తనాళాలు తొలి నెలల్లో వెడల్పు కావలసినంత కావు. మాయకు రక్తం చాలదు, బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి. దాన్నే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అన్నారు.

2018లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉన్న లైబర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ వైన్‌బర్గర్, జియాన్‌లూకా ఉర్సీని బృందం ఒక కీలకమైన ఫలితాన్ని ప్రచురించింది. వంశపారంపర్యంగా స్కిజోఫ్రెనియా ముప్పు తెచ్చే జన్యువుల ప్రభావం, కడుపులోనో కాన్పులోనో చిక్కులు ఎదురైనవారిలో అయిదు రెట్లకు పైగా ఎక్కువగా ఉంది. ఆ ముప్పుకు కారణమవుతున్న జన్యువుల్లో చాలావాటి పని మాయలోనే జోరుగా కనిపించింది. ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లుల మాయల్లో, బిడ్డ ఎదగని గర్భాల మాయల్లో ఆ జోరు ఇంకా పెరిగింది. మెదడు జబ్బని మనం పిలిచేదాని వేరు కొంత మాయలో ఉందన్నమాట.

దీన్ని భయంతో చదవొద్దు. ముప్పు జన్యువులున్నవారిలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. చిక్కు కాన్పుల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది చక్కగా ఎదుగుతారు. ఈ ఫలితం మన చేతికిచ్చింది ఒక అవకాశం. వంశాన్ని మార్చలేం, గర్భిణి బీపీని మాత్రం అదుపు చేయగలం.

ఊపిరి అందని బిడ్డ

పుట్టగానే ఏడవని బిడ్డ గురించి ‘ఉమ్మనీరు తాగేసింది’ అంటారు మన దగ్గర. మెదడుకు ఆక్సిజన్ అందక దెబ్బతిన్న అలాంటి పసిబిడ్డల ఒంటిని మూడు రోజులు చల్లబరిచి ఉంచడం ధనిక దేశాల్లో మంచి ఫలితమిచ్చింది. ఇంపీరియల్ కాలేజీ లండన్‌కు చెందిన సుధిన్ తయ్యిల్ నాయకత్వంలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పసికందులతో అదే చికిత్సను పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితం అందర్నీ నివ్వెరపరిచింది. చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 31 శాతం చనిపోయారు.

కారణం కోసం పసివాళ్ల రక్తంలో జన్యువులు పనిచేస్తున్న తీరును ఇటలీ పిల్లలతో పోల్చారు. రెండు చోట్లా ఆ తీరు బాగా వేరుగా ఉంది. అక్కడి పిల్లలకు ఊపిరి ఒక్కసారిగా అందకుండా పోయింది. మన ప్రాంతపు పిల్లల రక్తంలో మాత్రం ఆగి ఆగి, చాలాసేపు సాగిన ఆక్సిజన్ కొరత ఆనవాళ్లు కనిపించాయి. అంటే దెబ్బ కాన్పు మంచం మీద చివరి క్షణంలో తగిలింది కాదు, అంతకు గంటల ముందే, బహుశా రోజుల ముందే మొదలైంది. నొప్పులు పడుతున్నంతసేపూ బిడ్డ గుండె చప్పుడు వినే నర్సు, నొప్పులు తెప్పించే మందును ఇష్టారాజ్యంగా ఎక్కించని ఆసుపత్రి మన పిల్లల మెదడుకు ఏ ఖరీదైన యంత్రంకన్నా ముందు కావాలి. రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఇప్పుడు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. గడప దాకా రప్పించగలిగాం. లోపల దక్కే శ్రద్ధ మీద ఇప్పుడు దృష్టి పెట్టాలి.

మందు కొట్టిన చేలో

పత్తి, మిరప అంటే పురుగుమందు వాసన గుర్తురాని ఊరు ఈ జిల్లాల్లో ఉండదు. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కూలి కుటుంబాల గర్భిణులను, పిల్లలను బ్రెండా ఎస్కెనాజీ బృందం ఏళ్ల తరబడి గమనించింది. తల్లుల మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ మందుల ఆనవాళ్లు అందరికన్నా ఎక్కువగా ఉన్న వర్గంలోని పిల్లల ఐక్యూ, అతి తక్కువ ఉన్న వర్గం పిల్లలకన్నా ఏడేళ్ల వయసులో సగటున 7 పాయింట్లు తక్కువగా తేలింది. 2011 నాటి మాట ఇది. ఆ తరగతికే చెందిన క్లోర్‌పైరిఫాస్ ఎదిగే ఎలుక మెదడులో జన్యువుల పనిని మారుస్తుందని ల్యాబ్ పరీక్షలు చూపించాయి. కడుపుతో ఉన్న మనిషిని మందు కలపడానికి, మందు కొట్టిన చేలో వెంటనే పనికి దించడానికి ఏ రైతుకూ మనసు ఒప్పకూడదు. మందు చొక్కా ఉతికేది కూడా ఆమే అయితే ఆ పనిని ఇంట్లో ఇంకొకరు అందుకోవాలి.

29 పల్లెల పాఠం

ఇంతకీ మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉందని మన నేల మీదే రుజువైంది. 1987–90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. గర్భిణికి రోజుకు సుమారు 500 క్యాలరీలు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ కాలంలో పుట్టినవారిని 2003–05లో వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్లవాళ్లకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. సంజయ్ కిన్రా బృందం 2008లో ఈ ఫలితాలను ప్రచురించింది. ఇరవై దాటాక చూస్తే, వాళ్లలో చదువు పూర్తిచేసినవారూ ఎక్కువే అని తర్వాతి అధ్యయనం చెప్పింది. ఎవరూ వాళ్ల మెదడులో జన్యువులను కొలవలేదు. కానీ కడుపులోనూ పసితనంలోనూ పెట్టిన పిడికెడు తిండి పాతికేళ్ల తర్వాత చదువులో కనబడింది.

రాజధాని ప్రాంతంలో ఉన్నవీ 29 గ్రామాలే. పక్కనే మంగళగిరి ఎయిమ్స్ ఉంది, 1946 నుంచి డాక్టర్లను తయారుచేస్తున్న గుంటూరు వైద్య కళాశాల ఉంది. ఇక్కడ ఈ ఏడాది గర్భం దాల్చిన ప్రతి తల్లినీ నమోదు చేసి, మాయను, బొడ్డుతాడు రక్తాన్ని భద్రపరిచి, పిల్లలను ఇరవై ఏళ్లు గమనించే అధ్యయనం మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడుంటుంది?

పరిశోధన ఫలితాల కోసం ఆగనక్కర్లేని పనులు చాలా ఉన్నాయి. సుగ్గికి వచ్చిన గర్భిణి కార్డు ఏ ఊరిదైనా, గుడారం ఉన్న చోటి అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, భోజనం అందాలి. ప్రతి నెలా 9న జరిగే మాతృత్వ అభియాన్ పరీక్షలు కోతల కాలంలో సాయంత్రం పూట, ఆటోలు తిరిగొచ్చాక కూడా జరగాలి. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి కనీసం రూ.6,000 హక్కుగా రాసింది. 2017లో వచ్చిన మాతృవందన యోజన తొలి కాన్పుకు ఇచ్చేది రూ.5,000. కోతల కాలం మొత్తం ఆమెను ఇంటిపట్టున ఉంచడానికి ఈ డబ్బు చాలదు. ఆరో నెల నుంచి కూలి నష్టాన్ని పూడ్చేంత సాయం ఆ నెలల్లోనే చేతికందాలి. పెళ్లయిన ప్రతి అమ్మాయికీ ఫోలిక్ యాసిడ్ మాత్ర నెల తప్పకముందే చేరాలి.

అన్నిటికన్నా ముందు ఒక మాట. బిడ్డ చదువులో వెనకబడితే, మాట ఆలస్యమైతే ‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వేం చేశావ్’ అని తల్లిని నిలదీసే ఇళ్లు మనకు తెలుసు. ఈ విజ్ఞానాన్ని ఆ నింద కోసం ఎవరూ వాడకూడదు. ఆమె రక్తహీనతలో చిన్నప్పటి నుంచీ అన్నదమ్ముల తర్వాత తిన్న తిండి ఉంది. ఆమె బీపీలో ముందే చూడని ఆసుపత్రి ఉంది. ఆమె అలసటలో మనందరం తినే కారం ఉంది. బాధ్యత భర్తది, అత్తమామలది, చేను యజమానిది, ప్రభుత్వానిది.

రాష్ట్ర ఆరోగ్య బడ్జెట్ రాసే సచివాలయం వెలగపూడిలో ఉంది. హైకోర్టు నేలపాడులో ఉంది. రెండూ తుళ్లూరు మండలంలోనివే. నిర్ణయం తీసుకునేవాళ్లు ఏసీ కార్లలో వచ్చే రోడ్ల మీదే తెల్లవారుజామున ఆ ఆటోలూ వెళతాయి. రాజధానికి కట్టే ప్రతి భవనానికీ పునాది ఎంత లోతో లెక్క చూస్తున్నారు. రేపు ఆ భవనాల్లో కూర్చుని పనిచేయాల్సిన మెదళ్లకు పునాది ఇవాళ మిరప చేలో ఉన్న తల్లుల కడుపుల్లో పడుతోంది. ఆ లెక్కను కూడా అంతే శ్రద్ధగా, బడ్జెట్‌లో అంకెలు వేసి చూడాలి. ఈ మిరప కోతలు మొదలయ్యేలోపే చూడాలి.

ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు

• ఆగని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు
• ముఖం, చేతులు ఉన్నట్టుండి వాయడం
• కడుపు పైభాగంలో తీవ్రమైన నొప్పి, ఫిట్స్
• బిడ్డ కదలికలు తగ్గడం లేదా ఆగడం
• రక్తం పోవడం, నెలలు నిండకుండా ఉమ్మనీరు కారడం
• తగ్గని జ్వరం, నాలుగడుగులకే ఆయాసం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ప్రమాదం. నెల తప్పగానే పేరు నమోదు చేయించుకోవాలి. వెళ్లిన ప్రతిసారీ బీపీ చూపించుకోవాలి. బీపీ ముప్పు ఉన్నవారికి కాల్షియం మాత్రలు, చిన్న మోతాదు ఆస్పిరిన్ మేలు చేస్తాయి. ఆస్పిరిన్‌ను అయిదో నెలలోపే మొదలుపెట్టాలి కాబట్టి తొలి నెలల్లోనే డాక్టరును అడగాలి, సొంతంగా వాడకూడదు.